చూపరులు పెంచిన క్రీడ



2004వ సంవత్సరము జులై 17వ తేదీ సాయంకాలమున, దక్షిణ కొరియాలోని బూసాన్ నగరమునందు గ్వాంగల్లి అను సముద్రతీరమున ఇసుకపై వేదిక గట్టి, కంప్యూటర్ల నమర్చి, పెద్ద తెరను నిలిపి, రెండు జట్ల యువకులచే ఒక కంప్యూటరాటను ఆడించిరి. ఆ యాటను చూచుటకై వచ్చిన జనసమూహము లక్షకు చేరెనని నిర్వాహకులు ప్రకటించిరి. అదే నగరమున అదేనాడు వృత్తి బేస్‌బాలు ఆటగాండ్ర ఆల్‌స్టార్ పోటీ జరుగగా, దానికి వచ్చినవారు రమారమి 15,000 మంది మాత్రమే. నిర్వాహకుల లెక్కలో ఉత్సాహము పాలు కొంత యున్నదని తగ్గించి చూచినను, కొరియావారు ప్రాణప్రదముగా చూచుకొను బేస్‌బాలును ఆ రాత్రి ఒక కంప్యూటరాట మించిపోయినదన్న మాట మాత్రము నిలుచుచున్నది. హన్‌బిట్ స్టార్స్ అను చిన్న సంస్థ జట్టు, ఎస్.కె.టెలికాం అను మహాసంస్థ జట్టుపై గెలిచిన ఆ రాత్రిని కొరియా క్రీడాభిమానులు నేటికిని తలచుకొనుచుందురు.

ఈ యాటలను కొరియావారు కనిపెట్టలేదు. వానిని తొలుత లోకమున కందించినది అమెరికా. టెలివిజనుకు తగిలించుకొని ఆడు ఆటపెట్టెలను ఇంటింటికి చేర్చినది జపాను. గ్వాంగల్లి తీరమున ఆడిన స్టార్‌క్రాఫ్ట్ సైతము కాలిఫోర్నియాలోని బ్లిజర్డ్ సంస్థవారు నిర్మించినదే. అయినను, పిల్లలు తలుపులు మూసికొని ఆడుకొను ఆటను పదిమంది చూడదగిన క్రీడగను, పత్రికలు వ్రాయదగిన వార్తగను, యువకుడు జీవనోపాధిగా స్వీకరింపదగిన వృత్తిగను మొట్టమొదట మలచినది కొరియా జాతియే. ఆ మలచుటలో యంత్రములకును, ధనమునకును, ప్రభుత్వమునకును తలకొక పాలు కలదు. కాని వీనియన్నింటికంటె పెద్దపాలు, ఆట లోతుపాతులెరిగి చూచిన ప్రేక్షకులదని నా యభిప్రాయము. నేటి నా ప్రసంగము ఆ యభిప్రాయమునకు వివరణము.

మొదట చరిత్రను కొంత చెప్పవలసియున్నది. 1997వ సంవత్సరాంతమున తూర్పు ఆసియాను కుదిపివేసిన ద్రవ్యసంక్షోభమున కొరియాయును కూలబడి, అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయింపవలసివచ్చెను. మహాసంస్థలు దివాలా తీసినవి. జీవితాంతము ఒకే కంపెనీలో కొలువు చేయుదుమని నమ్మియున్న నడివయస్సు ఉద్యోగులెందరో వీధిని బడిరి. చేతికందిన కొలదిపాటి పైకముతో ఏ వ్యాపారము పెట్టుదుమా యని యోచించినవారిలో పలువురు, ఏదో మేడలో ఒక అంతస్తును అద్దెకు తీసికొని, కంప్యూటర్లను వరుసలుగా నమర్చి, గంటకింతయని రుసుము పుచ్చుకొని ఆడనిచ్చు దుకాణములను తెరచిరి. వానిని అచట పీసీబాంగులందురు. 2000వ సంవత్సరపు ప్రాంతమునకు దేశమందలి పీసీబాంగుల సంఖ్య 20,000 దాటెను. ఉద్యోగము పోయి దుకాణము పెట్టినవాడు గల్లాపెట్టె కడను, ఉద్యోగము దొరకని పట్టభద్రుడు కంప్యూటరు ముందును కూర్చుండగా, ఒకే సంక్షోభము ఇరువురను ఒకే గదిలో చేర్చినది.

దీనికి తోడు మరి రెండు కారణములు కలిసివచ్చినవి. 1998లో అధ్యక్షుడైన కిమ్ డేజంగ్ ప్రభుత్వము, దేశమును మరల లేవనెత్తుటకు సమాచార సాంకేతికతయే ఊతకోలయని నిశ్చయించి, వేగవంతమైన ఇంటర్నెట్టును దేశమంతటను వ్యాపింపజేయ బూనెను. జనులు పెద్దపెద్ద అపార్టుమెంట్లలో గుమిగూడి నివసించు దేశమగుటచే, ఒక్క భవనమునకు తీగ తెచ్చినచో వందల కుటుంబములకు అది యందెను. కొలది యేండ్లలోనే ఆ విషయమున కొరియా ప్రపంచమందు అగ్రస్థానమును అలంకరించెను. రెండవది, 1910 నుండి 1945 వరకు తమ్మేలిన జపానుపై కొరియావారికి గల రోషము. ఆ రోషముచే జపాను సినిమాలు, పాటలు మొదలగువానిపై విధించిన నిషేధము 1998 నుండి మాత్రమే అంచెలంచెలుగా సడలినది. తన్మూలముగా జపాను ఆటపెట్టెలు కొరియా ఇండ్లలో వేళ్లూనలేదు. కావున అచటి బాలుడు ఇంట ఒంటరిగా ఆడుటకు బదులు, వీధిలోని పీసీబాంగుకు పోయి, తోటివారి నడుమ కంప్యూటరుపై ఆడుట కలవాటుపడెను. సరిగా ఆ సమయముననే, 1998 మార్చి నెలాఖరున, స్టార్‌క్రాఫ్ట్ విడుదలయ్యెను. లోకమంతటను అమ్ముడైన ఆ యాట ప్రతులలో దాదాపు సగము కొరియాలోనే అమ్ముడైనవనిన, ఆ జనులు దానినెట్లు ఆదరించిరో ఊహింపవచ్చును.

పీసీబాంగు లోపల ఎట్లుండునో ఒక్కమాట చెప్పెదను. మెట్లెక్కి గాజుతలుపు తెరచినంతనే చీకటివంటి మసక. ఆ మసకలో వరుసలుగా వెలుగుచున్న తెరలు. మెత్తని వీపుగల పెద్ద కుర్చీలు. ప్రతి బల్లకును ఒక సంఖ్య. గంటల లెక్కన రుసుము. ఆకలియైనచో లేవవలసిన పనిలేదు; తెరపైననే మీట నొక్కి రామ్యన్ అను సేమియా పులుసునో, వేపుడన్నమునో తెమ్మని చెప్పిన, ఆవిరులు గ్రక్కు గిన్నె కుర్చీయొద్దకే వచ్చును. ఒకప్పుడు ఈ గదులన్నియు సిగరెట్టు పొగతో నిండియుండెడివి. 2013లో వచ్చిన చట్టముతో ఆ పొగ తొలగినది. రాత్రి పది గంటలు దాటినపిదప పిల్లలను ఉండనీయరాదను నియమమును కలదు. వీనియన్నింటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. గదిలో ఎవడైన కడు నేర్పరి యున్నచో, తక్కినవారు తమ రుసుము గంటలు కరగిపోవుచున్నను లక్ష్యపెట్టక, లేచివచ్చి వాని వెనుక నిలిచి చూతురు. ఆ పేటలో మేటి యెవడో, ప్రక్క పేటలో మేటి యెవడో ఆ చూచువారే నిర్ణయింతురు. వారిరువురకు పోటీ పెట్టువారును వారే. టెలివిజను వచ్చుటకు మునుపే, వృత్తి జట్లు పుట్టుటకు మునుపే, ఆ కుర్చీల వెనుక ప్రేక్షకుడు పుట్టెను.

ఇక ఆ యాట స్వరూపము. స్టార్‌క్రాఫ్ట్ ఇరువురు ప్రత్యర్థుల నడుమ జరుగు యుద్ధక్రీడ. టెర్రన్, జెర్గ్, ప్రోటాస్ అను మూడు జాతులలో ఒకదానిని ప్రతి యాటగాడును ఎన్నుకొనును. మొదట నలుగురు పనివాండ్రు మాత్రమే యుందురు. వారిచే గనులు త్రవ్వించి, ధనము కూడబెట్టి, భవనములు గట్టించి, సైన్యమును సమకూర్చి, శత్రువుపైకి నడిపింపవలెను. మూడు జాతుల బలాబలములు మూడు విధములైనను ఏ ఒక్కటియు తక్కినవానికి లోకువ గాకుండునట్లు తీర్చుట నిర్మాతల ప్రజ్ఞ. తన సైనికుల చూపు ప్రసరించినంతమేర తప్ప తక్కిన రణభూమియంతయు చీకటిలో నుండుటచే, శత్రువేమి చేయుచున్నాడో ఊహించుటయే సగము విద్య. చదరంగమునందువలె ఒకరి యెత్తు తరువాత మరొకరి యెత్తు వేయుట యిందు లేదు. ఇరువురును ఏకకాలమున, ఎడతెగక, ఆలోచించుచునే ఆడవలెను. మేటి యాటగాని వ్రేళ్లు నిమిషమునకు మూడువందల పర్యాయములు మీటలపై కదలును.

తెలుగువారికి దీనిని తెలియజెప్పుటకు అష్టావధానము నాకు చక్కగా తోచుచున్నది. అవధాని ఒకవంక నిషిద్ధాక్షరిని తప్పించుకొనుచు, ఒకవంక సమస్యను పూరించుచు, ఒకవంక గంటల లెక్కను మనస్సున నిలుపుకొనుచున్న వేళ, అప్రస్తుతప్రసంగి నడుమ దూరి వాని ధారణను చెదరగొట్ట జూచును గదా! ఆ విధముననే స్టార్‌క్రాఫ్ట్ వీరుడు గనులను, నిర్మాణములను, వేగులను, రణమును ఒక్కసారిగా కనిపెట్టుచుండగా, ప్రత్యర్థి ఒక చిన్న దండును విమానముపై నెక్కించి, వెనుకపాటున పనివాండ్రపై దింపి, వాని అవధానమును చీల్చజూచును. అవధానసభలో పద్యలక్షణ మెరిగినవానికి గలుగు ఆనందము ఎరుగనివానికి కలుగనేరదు. ఈ క్రీడయు అట్టిదే. కొరియాలో ఆ లక్షణమెరిగినవారు లక్షలకొలది యుండుటయే విశేషము.

ఆ లక్షలమందిని ఒక్కచోటికి చేర్చినది టెలివిజను. పిల్లలకు బొమ్మల చిత్రములు చూపు టూనివర్స్ అను ఛానెలు 1999లో స్టార్‌క్రాఫ్ట్ పోటీలను ప్రసారము చేసి చూచెను. ఆ ప్రయోగము ఫలించుటచే మరుసటి యేడు, 2000లో, ఈ యాటలకే అంకితమైన ఆన్‌గేమ్‌నెట్ అను ఛానెలు వెలసెను; కొంతకాలమునకు ఎం.బి.సి. సంస్థయును పోటీగా మరియొకదానిని తెరచెను. ప్రభుత్వ సంస్కృతీశాఖ అనుమతితో ఈ-స్పోర్ట్స్ సంఘమొకటి ఏర్పడి, ఆటగాండ్రకు వృత్తి అనుమతిపత్రముల నొసగెను.

ఈ ప్రసారములకు ప్రాణము పోసినవారు వ్యాఖ్యాతలు. వారిలో ఉమ్ జేగ్యాంగ్ అనునతడు బొమ్మకథల రచయిత. కథకు పాత్ర లేనిదే జీవము లేదని యెరిగినవాడగుటచే, ఆటగాండ్రను వట్టి గెలుపోటముల లెక్కలుగా విడువక, ఒక్కొక్కనికి ఒక్కొక్క స్వభావమును, పగను, దుఃఖమును, ప్రతీకారమును కల్పించి, శ్రోతకు కథవలె చెప్పెను. ఒకడు చక్రవర్తి యయ్యెను, ఒకడు ప్రచండవాయువు, ఒకడు వీరుడు, ఒకడు మహామేధావి. కంప్యూటరు ముందు కదలక మెదలక కూర్చుండు బక్కపలుచని కుర్రవాని మొగమున ఏ భావమును పైకి కానరాదు. ఆ మొగము వెనుక నడచు సంగ్రామమును మాటలలో పెట్టినవాడు వ్యాఖ్యాత. విన్న ప్రేక్షకుడు మరునాడు పీసీబాంగులో ఆ యెత్తునే తాను ప్రయోగించి చూచి, దాని కష్టమును స్వయముగా నెరిగి, మరుసటి వారము మరింత శ్రద్ధతో చూచును. చూచువాడే ఆడువాడును, ఆడువాడే చూచువాడును అగుటచే ఆ క్రీడ శీఘ్రముగా పక్వమయ్యెను.

చక్రవర్తి యనిపించుకొన్నవాడు లిమ్ యోహ్వాన్. 1980లో జన్మించిన ఈ యువకుడు, అప్పటికి బలహీనమని యందరును వదలివేసిన టెర్రన్ జాతిని చేపట్టి, 2001లో వరుసగా రెండు ఆన్‌గేమ్‌నెట్ బిరుదములను గెలిచెను. 2001, 2002 సంవత్సరములలో వరల్డ్ సైబర్ గేమ్స్ అను ప్రపంచ పోటీలలోను స్టార్‌క్రాఫ్ట్ విజేతగా నిలిచెను. వాని అభిమానసంఘమున ఆరులక్షలమంది సభ్యులుండిరందురు. వాని చిరకాల ప్రత్యర్థి హాంగ్ జిన్‌హో, అనగా ప్రచండవాయువు. ఇతడు అంతిమపోటీకి ఎన్నిసార్లు వచ్చినను ప్రధానమైన బిరుదము చేజిక్కక, ఎల్లప్పుడును రెండవవాడుగనే మిగిలిపోయెను. అభిమానులు వానిని విడనాడిరా? లేదు. రెండు అను అంకె ఎక్కడ కనబడినను వానిని తలచి నవ్వుకొనుచు, ఆ నవ్వులోనే మరింత ప్రేమించిరి. ఆ యాదరముననే అతడు తరువాత టెలివిజనులో ప్రసిద్ధుడై, 2013లో ఒక బుద్ధిబలపు పోటీ కార్యక్రమమున ప్రథముడుగా గెలిచెను.

వీరిరువురకు 2004 నవంబరులో ఒక సెమీఫైనలు పడెను. సుదీర్ఘమైన మహాయుద్ధమును చూతుమని దేశమంతయు టెలివిజన్ల ముందు కూర్చుండెను. మొదటి ఆట ఆరంభమైన కొలది నిమిషములకే లిమ్, సైన్యము సమకూడుదాక ఆగక, తన పనివాండ్రనే శత్రువు వాకిటికి నడిపించి, అచట బంకరను చిన్న కోటను గట్టించి, హాంగ్ తేరుకొనకమునుపే వానిని పడగొట్టెను. రెండవ ఆటలోను అదే యెత్తు. ఇక మూడవసారి అట్లు చేయడని యెల్లరును భావింపగా, మూడవసారియు అదే యెత్తును వేసి గెలిచెను. భోజనము ముగించి వచ్చునప్పటికే పోటీ ముగిసినదని కొందరు వాపోయిరి. చక్రవర్తికి ఇది తగునాయని కొందరు నిందించిరి. శత్రువు ఊహింపనిదానిని చేయుటయే యుద్ధనీతియని కొందరు సమర్థించిరి. ఆ వివాదము ఇరువదియేండ్లు దాటినను సమసిపోలేదు. విశేషమేమనగా, అట్లు గెలిచి ఫైనలుకు చేరిన లిమ్, అచట తాను తీర్చిదిద్దిన చోయ్ యోన్‌సంగ్ అను శిష్యునిచేతనే రెండుకు మూడుగా ఓడి, వేదికపైననే కంటతడి పెట్టెను.

గురుశిష్య సంబంధమన్నది ఇచట వట్టి మాట కాదు. బదుక్ అను ప్రాచీనమైన పలకయాట కొరియాలో గౌరవాస్పదమైన విద్య. అందు మహాపండితుడైన చో హున్‌హ్యున్ ఇంటనే బాల్యమునుండి యుండి విద్యనేర్చిన లీ చాంగ్‌హో, పిదప గురువును మించినవాడై ప్రపంచవిఖ్యాతి గాంచెను. ఆ సంప్రదాయము కంప్యూటరాటల జట్లలోను ప్రవేశించినది. సంస్థలు ఒక ఇంటిని అద్దెకు తీసికొని, అందు ఆటగాండ్రను, శిక్షకుని, వంటమనిషిని ఉంచెడివి. అందరు కలిసి తినుట, కలిసి నిద్రించుట. లేచినది మొదలు రాత్రి పొద్దుపోవుదాక దినమునకు పది పండ్రెండు గంటల అభ్యాసము. కొత్తగా చేరిన బాలుడు ముందు పెద్దవారికి సాధన తోడుగా నుండి, వారి ప్రత్యర్థి ఎట్లు ఆడునో అట్లు ఆడిచూపి, తన వంతు వచ్చుదాక ఓర్పుతో వేచియుండవలెను. శాంసంగ్, ఎస్.కె.టెలికాం, కె.టి. వంటి సంస్థలు జట్లను పోషించినవి. కొరియాలో ప్రతి యువకుడును సైన్యమున పనిచేయవలెను గదా, ఆటగాండ్ర కౌశలము ఆ కాలమున తుప్పుపట్టిపోవునన్న చింతకు 2007లో వైమానికదళమే ఒక జట్టును స్థాపించి బదులు చెప్పెను. లిమ్ యోహ్వాన్ సైనికుడుగా ఆ జట్టున ఆడెను.

ఇంతవరకు వెలుగును చెప్పితిని. చీకటిని దాచుట న్యాయము కాదు. 2005లో డేగూ నగరమున ఒక యువకుడు పీసీబాంగులో సుమారు ఏబది గంటలు ఎడతెగక ఆడి, గుండె ఆగి మరణించెను. 2010లో కొందరు వృత్తి యాటగాండ్రు, జూదరులయొద్ద పైకము పుచ్చుకొని కావలెనని ఓడిరని బయటపడెను. అందు ఒకప్పుడు ఆటలోని తన జాతికే తలమానికమనిపించుకొన్న విజేతయు ఉండుటచే అభిమానుల హృదయములు భగ్నములయ్యెను. సంఘమువారు దోషులను శాశ్వతముగా బహిష్కరించిరి. ఆ జట్టు ఇండ్ల కఠినజీవితమున చదువు మానిన బాలురు పలువురు. వారిలో పేరు గడించినవారు కొందరే. ఇరువదియైదేండ్లు నిండునప్పటికే వ్రేళ్ల వేగము తగ్గినదని ప్రక్కకు తొలగువానికి వేరొక వృత్తి యేదియని అడిగిన, చాలకాలము ఎవరియొద్దను సమాధానము లేకుండెను.

పిల్లల నిద్ర చెడుచున్నదని తల్లులు మొరపెట్టగా, 2011 నవంబరునుండి ఒక చట్టము అమలులోనికి వచ్చెను. పదునారేండ్లు నిండనివారు నడిరేయి మొదలు ఉదయము ఆరు గంటలవరకు ఆన్‌లైను ఆటలు ఆడరాదు. మరుసటి యేడు ఒక ఫ్రెంచి టోర్నమెంటు అర్హతపోటీలో ఆడుచున్న పదునైదేండ్ల బాలుడు, పండ్రెండు గంటలు కొట్టబోవుచున్నవని కంగారుపడి, తొందరపాటున దాడి చేసి ఓడిపోయినాడట! పిల్లలు తల్లిదండ్రుల పౌరసంఖ్యలతో ప్రవేశించి చట్టమును తప్పించుకొనుట నేర్చిరి. ఇంతలో ఆటలు చేతిఫోనులోనికి చేరుకొనగా, ఫోనుకు వర్తింపని ఆ చట్టము నిష్ప్రయోజకమయ్యెను. తుదకు 2022 జనవరి 1 నుండి దానిని రద్దుచేసి, పిల్లల వేళలను నిర్ణయించుకొను భారమును కుటుంబములకే విడిచిరి.

చూపరుల న్యాయమునకును హద్దులున్నవని తెలుపు ఉదంతమొకటి. 2016లో ఓవర్‌వాచ్ అను తుపాకి యాటలో గెగురి అను మారుపేరుతో ఆడిన పదునేడేండ్ల బాలిక గురి తప్పకుండుట చూచి, మోసపు సాధనమేదో వాడుచున్నదని ప్రత్యర్థులు ఆరోపింపగా, చూపరులును శంకించిరి. బాలిక యగుటచే ఆ యనుమానము మరింత బలపడినదని నాకు తోచుచున్నది. ఆమె ఒక స్టూడియోకు పోయి, కెమెరా ముందు కూర్చుండి, తన చేయి అందరకును కనబడునట్లుగా ఆడి చూపెను. ఆ వ్రేళ్లకదలికను కన్నులార చూచినపిదప ఎవరును నోరెత్తలేదు. 2018లో ఆమె ఓవర్‌వాచ్ లీగున ప్రవేశించిన తొలి స్త్రీ యయ్యెను. చూపరులు అన్యాయముగా శంకింపగలరు. కాని ఆట యెరిగినవారగుటచే, కంటికి కనబడిన ప్రజ్ఞను కాదనలేకపోయిరి.

స్టార్‌క్రాఫ్ట్ వైభవము తగ్గుముఖము పట్టునప్పటికి, 2011 డిసెంబరులో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను మరియొక అమెరికా ఆట కొరియాలో ప్రవేశించి సింహాసనమెక్కెను. ఐదుగురు ఐదుగురుగా ఆడు ఈ యాటలో, 1996లో జన్మించి సియోల్ నగరమున తండ్రి, నాయనమ్మల పోషణలో పెరిగిన లీ సాంగ్‌హ్యోక్, ఫేకర్ అను పేరుతో, 2013లో చదువు విడిచి టీ1 జట్టున చేరి, ఆ యేడే ప్రపంచవిజేత యయ్యెను. 2015లో, 2016లో మరల గెలిచెను. 2017లో బీజింగ్ నగరపు మహాక్రీడాంగణమున జరిగిన ఫైనలులో జట్టు సున్నకు మూడుగా ఓడినప్పుడు, ప్రత్యర్థులు కరచాలనమునకు వచ్చునంతవరకు అతడు బల్లపై తల వాల్చి విలపించుచుండెను. ఆ పిమ్మట ఆరేండ్లు ప్రపంచ బిరుదము దక్కలేదు. చీనానుండి గొప్ప వేతనములు ఎరజూపినను జట్టును వీడక, 2023లో సియోల్‌లోనే మరల గెలిచెను. ఆనాడు గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో చలిలో వేలమంది నిలిచి పెద్ద తెరపై పోటీని చూచిరి. 2024లో లండనునందును, 2025లో చెంగ్డూనందును గెలిచి, ఆరు ప్రపంచ బిరుదముల నార్జించెను. ఇరువదియైదేండ్లకే ఆటగాడు వృద్ధుడగునన్న వాదమునకు ఇతడే ప్రత్యుత్తరము.

అంతకంటె పెద్ద ప్రత్యుత్తరము 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు లభించెను. అచట ఈ-స్పోర్ట్స్‌కు తొలిసారి పతకములిచ్చిరి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో కొరియా స్వర్ణము గెలువగా, ఆ జట్టు యువకులకు సైనికసేవనుండి మినహాయింపు లభించెను. స్ట్రీట్ ఫైటర్ అను ముష్టియుద్ధపు ఆటలో స్వర్ణము గెలిచిన కిమ్ గ్వాన్‌వూ వయస్సు 44 సంవత్సరములు. పూర్వము పెద్దలు ముఖము చిట్లించిన వీధి ఆటశాలలలో నాణెములు వేసి ఆడుట నేర్చిన తరమునకు చెందిన ఆ పురుషుడు, జాతీయపతాకము క్రింద నిలిచి పతకమును స్వీకరించెను.

మనకు దీనితో నేమి సంబంధమందురేమో! 2017లో పబ్‌జీ అను ఆటను వెలువరించినది కొరియా సంస్థయే. దాని ఫోను రూపము మన పల్లెల రచ్చబండలకును, పట్టణముల కళాశాలలకును ప్రాకిన సంగతియు, 2020లో కేంద్రప్రభుత్వము నిషేధించిన సంగతియు, మరుసటి యేడు అది వేరొక పేరుతో వచ్చిన సంగతియు మీరెరిగినవే. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో ఆన్‌లైను పేకాటను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము, డబ్బొడ్డి ఆడు ఆటలను నిషేధించుచు, ఈ-స్పోర్ట్స్‌ను వానినుండి వేరుపరచి క్రీడగా గుర్తించినది. ఈ విభజనము సమంజసము. కాని చట్టము గీచిన గీతను మనస్సున గూడ గీచుకొనుటకు ఆటను గూర్చిన తెలివిడి కావలెను. కొరియాలో కావలెనని ఓడిన యాటను ముందుగా శంకించినవారిలో ఆట మర్మమెరిగిన చూపరులును కలరు. ఎరుగనివాని కంటికి జూదమును, క్రీడయు, వ్యసనమును, విద్యయు ఒక్కతీరుననే కనబడును. అందరును వంగి తెరనే చూచుచుందురు గదా!

తల్లిదండ్రులకు నేను చెప్పదగినది యింతే. మీ యింటి పిల్లవాడు గంటలకొలది తెర ముందు కూర్చుండుట చూచి కోపగించుటకు ముందుగా, ఒక సాయంకాలము వాని ప్రక్కన కూర్చుండి, ఆ యాట నియమములేమి, గెలుపెట్లు, ఓటమి ఎట్లు, ఇందు డబ్బు పెట్టుచున్నావా యని అడుగుడు. వాడు చెప్పగలిగినచో, వినుడు. చెప్పలేక తడబడినచో, లేక డబ్బు మాట వచ్చినంతనే తల వంచుకొన్నచో, మీరు జోక్యము చేసికొనవలసిన చోటు ఏదో మీకే తెలియును. నిద్రవేళను, చదువువేళను నిర్ణయించు అధికారము అప్పుడు మీకు మరింత బలముగా దక్కును. ఏలయన, ఆట తెలిసిన పెద్దల మాటను పిల్లలు తేలికగా త్రోసివేయజాలరు. కొరియా ప్రభుత్వము పదేండ్లు చట్టముతో ప్రయత్నించి, తుదకు కుటుంబమునకే అప్పగించిన పని యిదియే.